పేరు పెట్టే హక్కు ఎవరిది?

(కంగ్టిలో జరిగిన మండల దళిత కార్యకర్తల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన మాటను పెద్దగా మార్చకుండానే అచ్చు వేస్తున్నాం.)

అన్నలారా, అక్కలారా, తల్లులారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! అందరికీ జై భీమ్.

మీటింగు మొదలుపెట్టేటప్పుడు ఎప్పుడూ ఇట్లనే పిలుస్తం. ఈ పిలుపుల అందరూ వచ్చిండ్రనుకుంటం. కాని ఇదే పిలుపు విని, ఇందులో నేనెక్కడ అని వెనుకనే నిలబడే మనుషులు మన వాడల్లో ఉన్నరు. మొగపిల్లగానిగా పుట్టి చీర కట్టుకొని బతికేవాళ్ళున్నరు. ఆడపిల్లగా పుట్టి పాంటు షర్టు వేసుకొని మొగమనిషి లెక్క బతికేవాళ్ళున్నరు. జాతర నాడు చీర కట్టి, తెల్లారి మళ్ళ ధోతి కట్టుకొని పనికి పోయేవాళ్ళున్నరు. ఊరు వీళ్ళను ఏమని పిలుస్తది? సర్కారు ఏమని రాస్తది? వాళ్ళు తమను తాము ఏమని చెప్పుకుంటరు? ఈ మూడింటి గురించే ఇయ్యాల మా మాట.

కొంతమంది కార్యకర్తలు ముందే అడిగిండ్రు. భూమి సమస్య ఉన్నది, కూలి సమస్య ఉన్నది, బొందలగడ్డ జాగ సమస్య ఉన్నది, ఇవన్నీ ఇడిసిపెట్టి ఈ ముచ్చట ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. జవాబు మా తప్పుతోనే మొదలుపెడతం.

మేము నోరు మూసుకున్న రోజు

మన దిక్కున ఒక ఊరు. ఊరి పేరు చెప్పం, మనిషి పేరు చెప్పం. ఆమెను అడిగినం. "ముచ్చట చెప్పుండ్రి, పేరు మాత్రం వద్దు" అన్నది. డప్పు కొట్టే ఇంట్ల కొడుకుగా పుట్టింది. చిన్నప్పటి నుంచే నడక వేరు, మాట వేరు. బడిల పోరగాండ్లు సతాయిస్తే ఎనిమిదో తరగతి కాడ బడి బంద్ అయింది. కొన్నేండ్లు హైదరాబాదుల ఉన్నది. చీర కట్టుకొని మళ్ళ ఊరికి వచ్చింది.

తల్లి ఏమీ అనలేదు. మొదటి నుంచీ 'బిడ్డా' అనే పిలిచేది. మన దిక్కు కూతురినీ బిడ్డా అంటం, ప్రేమొస్తే కొడుకునూ బిడ్డా అంటం. ఆ తల్లికి ఇంకొక పేరు అవసరం పడలేదు. వాడకట్టుకే అవసరం పడ్డది. ఏప్రిల్ 14 నాడు అంబేద్కర్ జయంతికి వచ్చి ఆడోళ్ళ దిక్కు కూసుంటే ఆడోళ్ళు జరిగిండ్రు. మొగోళ్ళ దిక్కు పోతే ఈలలు వేసిండ్రు. మధ్యల నిలబడి ఉపన్యాసం విని పోయింది. మేము అదంతా చూసినం, చూసి ఊరుకున్నం.

తర్వాత తల్లి సచ్చిపోయింది. ఆ తల్లికి ఆమె ఒక్కతే సంతానం. కుండ పట్టే కాడ వాడ పెద్దమనుషులు అడ్డం వచ్చిండ్రు. "కొడుకువైతే చీర ఇడిసి ధోతి కట్టుకొని రా, కుండ పట్టు. ఆడమనిషివైతే బొందలగడ్డకు రాకు, ఇంటికాడనే ఉండు" అన్నరు. ఆమె అన్నది, "నా తల్లికి నేను బిడ్డను. ఆమె చూసిన చీరనే కట్టుకొని వస్త." పెద్దమనుషులు ఒప్పుకోలేదు. చిన్నాయన కొడుకు కుండ పట్టిండు. ఆమె తుమ్మచెట్టు కింద దూరంగ నిలబడ్డది. అందరూ తానాలకు పోయినంక ఒక్కతే పోయి మూడు దోసిళ్ళ మన్ను పోసింది.

మేము సంఘం వాళ్ళం నలుగురం అక్కడనే ఉన్నం. ఆ బొందలగడ్డ జాగ మాకు కావాలని తహసీలు ఆఫీసు ముంగట కూసున్నోళ్ళం మేమే. ఊరోళ్ళు మన పీనుగలను ఆపితే కొట్లాడిన మేము, మన మనిషిని మనోళ్ళే దూరం నిలబెడితే ఒక్క మాట అనలేదు.

సిగ్గనిపించి, పదకొండు దినాలైనంక ఆమె ఇంటికి పోయినం. సంఘం సభ్యత్వం పుస్తకం పట్టుకపోయినం. మా కార్యకర్త అలవాటు కొద్ది ఆమె పాత పేరు రాసిండు. పక్కన 'పు' అని గూడ రాసిండు. ఆమె ఆ కాగితం చూసి అన్నది: "మా తాత పేరు మల్లయ్య. దొర బాకీల పుస్తకంల మల్లిగాడు అని రాసుకున్నడట. మీరూ అట్లనే రాసిండ్రు. రాసుకునేది మీరు, బతికేది నేను."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకుండె. ఇయ్యాల్టి ఈ మాటలన్నీ ఆ జవాబు కోసమే.

మన పేరు కోసం మనం చేసిన కొట్లాట

తిట్టు పేర్లతో పిలిపించుకున్న జాతి మనది. మల్లయ్యను మల్లిగాడు చేసిండ్రు, ఎల్లమ్మను ఎల్లి చేసిండ్రు. తెల్లవెంట్రుకలొచ్చిన మన తాతను పదేండ్ల దొర కొడుకు 'ఏరా' అన్నడు. మన తల్లిని 'అది' అన్నరు. మన తెలుగుల 'అది' అనే మాట గొడ్డుకూ వాడుతరు, వస్తువుకూ వాడుతరు, లోకువైన ఆడమనిషికీ వాడుతరు. ఇయ్యాల మన వాడల చీర కట్టుకున్న మనిషి పోతుంటే, "అది వచ్చింది చూడుండ్రి" అనే మాట మన నోట్లకెళ్ళే వస్తున్నది. ఎవరి నోట్లది ఎవరి నోట్లకు వచ్చిందో ఆలోచించుండ్రి.

పేరు మనమే పెట్టుకోవాలని మన పెద్దలు కొట్లాడిండ్రు. 1917ల బెజవాడల పంచమ మహాసభ అని సభ పెట్టిండ్రు. మన హైదరాబాదు భాగ్యరెడ్డి వర్మ దానికి అధ్యక్షుడు. పంచములం అనే పేరు మాకొద్దు, ఈ నేలకు మొదటి మనుషులం మేమే, ఆది ఆంధ్రులం అని ఆ సభ తీర్మానం చేసింది. గాంధీ హరిజనులు అన్నడు. అది మంచి పేరే గదా, దేవుని పిల్లలనే గదా అన్నరు. ఆ మాటను చట్టంల ఎక్కించబోతే 1938 జనవరిల బొంబాయి శాసనసభ నుంచి బాబాసాహెబు తన పార్టీ సభ్యులను తీసుకొని లేచి వచ్చిండు. తియ్యటి పేరైనా సరే, ఒకరు మనకు పెట్టేది ఏందని ఆయన ప్రశ్న.

1985 కారంచేడు, 1991 చుండూరు నెత్తుటి మడుగులకెళ్ళి దళితులం అనే మాట ఊరూరికి వచ్చింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల దండోరా మొదలైంది. నిన్నటిదాంక తిట్టుగా వాడిన మాదిగ అనే మాటను పిల్లలు తమ పేరు చివర రాసుకున్నరు. శర్మకు, రెడ్డికి, రావుకు లేని సిగ్గు మాకెందుకన్నరు. అదే మాట పెత్తందారు అంటే తిట్టు, మనం అనుకుంటే పేరు. మాటల తేడా లేదు. ఎవరి నోట వచ్చిందనే దాంట్లనే తేడా.

ఇప్పటికీ మనలో ఒకరు దళితులం అంటరు, ఒకరు మాదిగ అంటరు, ఒకరు మాల అంటరు, ఒకరు బౌద్ధులం అంటరు, చర్చికి పోయేటోళ్ళు ఇంకో తీరుగ చెప్పుకుంటరు. ఒక్కటే పేరు ఖాయం చేసుకొని వస్తేనే సంఘంల చేర్చుకుంటమని ఎవరినీ అనలేదు. మరి ఈ మనుషుల దగ్గరనే 'నువ్వు ఆడనా మొగనా, ముందు తేల్చుకో' అని ఎందుకు అడుగుతున్నం?

పోలీసు రిజిస్టరుకు ఎక్కిన పేర్లు

వీళ్ళకు ఊరు పెట్టిన పేర్లు చిన్నపిల్లలకు గూడ తెలుసు. కొజ్జ, పేడి, మాడ, ఆడంగి, చక్కా, తేడా, పాయింట్ ఫైవ్. కొజ్జ అనేది ఉర్దూ ఖోజా నుంచి వచ్చిన మాట. నవాబుల కోటలల్ల జనానా కాపలా, రాచ ఇంటి పెత్తనం చేసినోళ్ళను ఖ్వాజాసరాలు అని గౌరవంగ పిలిచిండ్రు. కోటల గౌరవం పేరు వీధిల తిట్టయింది.

ఆది ఆంధ్రులం అని మనం పేరు పెట్టుకున్న రెండేండ్లకే, 1329 ఫసలీల, అంటే 1919ల, నిజాం సర్కారు ఒక చట్టం చేసింది. మన నారాయణఖేడ్ తాలూకా అప్పుడు బీదర్ జిల్లాల, నిజాం రాజ్యంలనే ఉండె. ఆ చట్టం ప్రకారం హైదరాబాదు పట్నంలనూ, సర్కారు చెప్పిన ఇతర జాగలల్లనూ వీళ్ళ పేర్లకు రిజిస్టరు పెట్టాలె. పిల్లలను ఎత్తుకపోతరని, కోసి తమ తీరుగ చేస్తరని అనుమానం ఉంటే చాలు, పేరు ఎక్కించవచ్చు. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్ట కట్టుకొని, నగలు పెట్టుకొని బజారుల కనబడితే, పాడితే, ఆడితే వారంటు లేకుండనే పట్టుకోవచ్చు. రెండేండ్ల దాంక జైలు. చీర కట్టుడే నేరమన్నట్టు.

ఇది నిజాం సొంత తెలివి గాదు. 1871ల తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేసిండ్రు. దాంట్ల ఒక భాగం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన తెగలకు, రెండో భాగం హిజ్రాలకు. ఎరుకలోళ్ళ మీద ఏ ముద్ర పడ్డదో, వీళ్ళ మీద గూడ ఆ ముద్రనే పడ్డది. పుట్టుకను చూసి నేరం రాసే బుద్ధి మనకు కొత్తది గాదు, మనుధర్మం నుంచి ఎరుకే.

ఆ నిజాం చట్టం నిజాం పోయినంక గూడ పోలేదు. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం పుస్తకంల అట్లనే ఉన్నది. 2023 జూలైల తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. వైజయంతి వసంత మొగ్లి అనే ట్రాన్స్ మహిళ, ఇంకొందరు వేసిన కేసు అది. నూటనాలుగేండ్లు బతికిన చట్టం.

చట్టం పోయినా అనుమానం పోదు. 2018 మే నెలల పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని వాట్సాపుల పుకారు లేసింది. హైదరాబాదు చాంద్రాయణగుట్టల గుంపు మీదపడి ఒక ట్రాన్స్ మహిళను కొట్టి సంపింది. 1919ల సర్కారు రాసిన అనుమానమే 2018ల గుంపు చేతిల రాయి అయింది. మన ఊర్ల సుత కొత్త మనిషి చీర కట్టుకొని బస్సు దిగితే పిల్లలను ఇంట్లకు పిలుచుకునే తల్లులున్నరు. తల్లులను తప్పు పడుతలేం. ఆ భయాన్ని ఎవరు నేర్పిండ్రో తెలుసుకొమ్మంటున్నం.

ఒకే చీర, రెండు తీర్లు

చీర కట్టుడే తప్పయితే అందరికీ తప్పు కావాలె. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టి ఆంధ్ర దేశమంతా పేరు తెచ్చుకున్నడు. 1956ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ ఆడవేషానికి పెట్టింది పేరు. 1970ల ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ కళను మేము తక్కువ చేస్తలేం. ఆ నడక, ఆ చూపు, ఆ వాలుజడ చూసి పండితులు మెచ్చుకున్నరు. అదే నడక మాదిగవాడ పిల్లగాడు నడిస్తే చెప్పు తీసిండ్రు.

మన చిందు భాగోతంల గూడ మొగోళ్ళు ఆడవేషాలు కట్టిండ్రు. మన పక్క నిజామాబాదు జిల్లాల చిందుల ఎల్లమ్మ మొగవేషాలు గూడ కట్టి మెప్పించింది. కూచిపూడి భాగవతులకు అగ్రహారం ఉండె, చిందోళ్ళకు మాదిగిండ్ల కాడ త్యాగం అడుక్కునుడే మిగిలింది. వేషం ఒక్కటే, కట్టినోని కులాన్ని బట్టి కళ అని ఒకదానికి, కూతలని ఒకదానికి పేరు వచ్చింది.

ఇంకొక తేడా గూడ చెప్పాలె. వేషం వేరు, బతుకు వేరు. స్టేజి మీద చీర కట్టినాయన రంగు కడుక్కొని ఇంటికి పోతే ఆయన మొగమనిషే. ఆయనకు గూడ ఆడమనిషివి అనే పేరు పెట్టనక్కర లేదు. బతుకంతా చీరల బతికే మనిషిని 'ఏం వేషాలు' అంటం చూడుండ్రి, అది తప్పు. ఆమెకు అది వేషం గాదు. ఇరవై ఏండ్లు ఆమె వేసుకున్న పాంటు షర్టే వేషం.

వాళ్ళలో ఎన్ని పేర్లు

వాళ్ళందరూ ఒక్కటే అనుకునుడు గూడ మన తప్పే. మనల్నందరినీ ఎస్సీలు అనే ఒక్క మాటల వేసి, లోపల చిందు, డక్కలి, మాష్టి ఉన్నరని మరిచిపోయినట్టే ఇది.

హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మీద గాయత్రి రెడ్డి రాసిన పుస్తకం 2005ల వచ్చింది. అందుల ఎన్నో పేర్లు కనబడతయి. పెండ్లిండ్లకు, పుట్టిన ఇండ్లకు పోయి దీవెన పాటలు పాడేటోళ్ళు బధాయి. ఒళ్ళు అమ్ముకొని బతికేటోళ్ళు కంద్ర. చీర కట్టకుండ పాంటు షర్టులనే ఉండి లోపల ఆడమనసుతోని ఉండేటోళ్ళు కోతీలు. ఇంకా జనానాలు, జోగిన్లు, శివసత్తులు. గురువు, చేలా వరుసలున్నయి. అస్లీ ఎవరు, నక్లీ ఎవరు అని వాళ్ళలో వాళ్ళకు పంచాయితీ ఉన్నది. ఆపరేషన్ అయినోళ్ళు కానోళ్ళను తక్కువ చూస్తరు, దీవెనకు పోయేటోళ్ళు కంద్రోళ్ళను తక్కువ చూస్తరు. ఇది మనకు తెలవని రోగం గాదు. మెట్లు మెట్లుగ పేర్చిన సమాజంల ఎవరికి వాళ్ళకు కింద ఇంకొకడు కావాలె.

మన తెలంగాణల శివసత్తులను కొమురవెల్లి మల్లన్న కాడ, ఎల్లమ్మ బోనాల కాడ అందరం చూసినోళ్ళమే. ఆడోళ్ళు ఉంటరు, చీర కట్టిన మొగోళ్ళూ ఉంటరు. కొందరికి అది ఆ దినం పూనకం. కొందరికి సంవత్సరమంతా అదే బతుకు, దేవుని పేరు మీద అయితే ఊరు ఊకుంటది గనుక ఆ నీడకు వచ్చిండ్రు. అవతల కర్ణాటకల సవదత్తి ఎల్లమ్మ జోగప్పలు గూడ అసొంటోళ్ళే. ఆ ఆచారాన్ని మేము పొగుడుతలేం. జోగిని పేరు మీద మన ఆడపిల్లలను ఊరి ఉమ్మడి సొత్తు చేసిన చరిత్ర మనకు తెలుసు. 1988ల దాన్ని బంద్ పెట్టే చట్టం తెచ్చుకున్నం. దేవుడు ఇచ్చిన పేరైనా సరే, మనిషి మెడల కట్టేస్తే సంకెలే. పూనకం వచ్చిన నాడు కాళ్ళు మొక్కి, తెల్లారి బాయికాడ కనబడితే రాళ్ళు వేసే ఊరు ఇచ్చిన గౌరవం ఎంతకాలం?

ఆడపిల్లగా పుట్టి మొగమనిషి లెక్క బతికేవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళకు గురువులు లేరు, జమాత్ లేదు, జాతరల జాగ లేదు. 'మగరాయుడు' అని ఎక్కిరించి, పదహారేండ్లకే పెండ్లి చేసి పంపుతరు. పెండ్లి అయినంక కొట్టి లొంగదీస్తరు. బాయిల పడ్డ ఆడపిల్లల లెక్కల ఇట్లాంటోళ్ళు ఎందరో ఎవరూ రాయలేదు.

తర్వాత బయటి నుంచి ఇంకొన్ని పేర్లు వచ్చినయి. 1992ల ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో వచ్చింది. దాని కింద పనిచేసే సంస్థల రిజిస్టర్లల్ల వీళ్ళు హైరిస్క్ గ్రూపు అయిండ్రు, ఎంఎస్‌ఎం అయిండ్రు, టీజీ అయిండ్రు. మందులు దొరికినయి, నిరోధులు దొరికినయి, కొందరికి జీతాలు దొరికినయి, అది మంచిదే. కాని మనిషి రోగం లెక్కల ఎక్కిండు, రోగం లేకపోతే కనబడకుండ పోయిండు. ట్రాన్స్‌జెండర్ అనే మాట చట్టం ఎంబడి వచ్చింది. కొందరికి ఆ మాట గౌరవంగ ఉన్నది, ఆఫీసుల పని అయితది. కొందరు "నేను హిజ్రానే, ఆ మాటనే నాది" అంటరు. కొందరు "నేను ఆడమనిషిని, ఇంకో పేరే వద్దు" అంటరు. ఎవరిది సరి అని మేము తీర్పు చెప్పం. వాళ్ళు ఏది చెప్తే అదే సరి.

తమిళనాడు ఎ. రేవతి తన బతుకును తానే రాసింది. పి. సత్యవతి దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేసింది. 2019కి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చిన పుస్తకం. చదువొచ్చిన కార్యకర్తలు చదివి, రానోళ్ళకు చదివి వినిపించుండ్రి.

పని ఇచ్చిందెవరు, పని లేదన్నదెవరు

బజార్ల చప్పట్లు కొట్టి పైసలు అడుగుతరని, ఇయ్యకపోతే తిడతరని మన కార్యకర్తలే చెప్పిండ్రు. నిజమే, అట్లాంటివి జరుగుతున్నయి. కాని ముందు సంగతి చూడుండ్రి. దసరా దీపావళి దాటితే మన మండలం నుంచి, మన తండాల నుంచి చెరుకు నరికేటందుకు ఎంతమంది పోతరో మీకు తెలుసు. మహారాష్ట్ర ముకద్దం అడ్వాన్సు ఎవరికిస్తడు? కోయతాకు ఇస్తడు. కోయతా అంటే మొగుడు పెండ్లాం జోడి. మొగోడు నరకాలె, ఆడది మోపు కట్టి మోయాలె. చీర కట్టిన ఈ మనిషి ఏ కోయతాల చేరాలె? నాట్లకు ఆడోళ్ళ గుంపు రానియ్యదు, హమాలీకి మొగోళ్ళ గుంపు రానియ్యదు. కిరాయికి ఇల్లు దొరకదు. పని దొరకని మనిషి చప్పట్లు కొట్టక ఏం చేయాలె?

దొరికితే చేస్తరా అంటే, చేస్తరు. 2022ల హైదరాబాదు ఉస్మానియా దవాఖానల ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ కొయ్యల అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు సర్కారు కొలువుల చేరిండ్రు. 2024 డిసెంబరుల హైదరాబాదు పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగ తీసుకున్నరు. చప్పట్లు కొట్టిన బజారులనే నిలబడి బండ్లను ఆపుతున్నరు.

సర్కారు కాగితం మీద కులం

2011 జనాభా లెక్కల్ల మొదటిసారి ఆడ, మొగ కాక 'ఇతరులు' అని మూడో గడి పెట్టిండ్రు. దేశమంతట 4,87,803 మంది అందుల ఎక్కిండ్రు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 43,769 మంది. ఎక్కనోళ్ళు ఇంకెందరో ఉంటరు. మనం గుర్తు పెట్టుకోవలసిన లెక్క ఇంకొకటి. ఆ మొత్తంల 78,811 మంది ఎస్సీలు, 33,293 మంది ఎస్టీలు. ఆరుగురిలో ఒకరు మన మనిషే. హిజ్రాలకు కులం లేదు అనే మాట మనం అప్పుడప్పుడు వింటం. ఇల్లు ఇడిసి పోయినంత మాత్రాన కులం ఇడిసిపెట్టదు. చదువు లేకుండ, భూమి లేకుండ ఇల్లు దాటిన మాదిగ బిడ్డ, చదువుకొని దాటిన పెద్దకులం బిడ్డ ఒక్క తీరు బతకరు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, నల్సా వేసిన కేసుల, ఎవరి జెండరు ఏందో వాళ్ళే చెప్పుకుంటరు, ఆపరేషన్ చేయించుకున్నవా అని అడగరాదు అన్నది. సామాజికంగ, విద్యాపరంగ వెనుకబడ్డ తరగతిగ చూసి రిజర్వేషన్ ఇయ్యమన్నది. మంచి తీర్పే. కాని మనకు ఒక పేచీ వస్తది. వెనుకబడ్డ తరగతి అంటే బీసీల లెక్క అని సర్కార్లు పట్టుకున్నయి. 2023ల మధ్యప్రదేశ్ వీళ్ళను బీసీ జాబితాలనే వేసింది. అట్లయితే మాదిగ ట్రాన్స్ మహిళ ఏమి రాయాలె? ఎస్సీ అని రాస్తే ట్రాన్స్ అనే బాధకు లెక్క లేదు, బీసీ అని రాస్తే అంటరానితనానికి లెక్క లేదు. ఒక పేరు కావాలంటే ఇంకొక పేరు ఇడిసిపెట్టుమన్నట్టు.

ఈ పేచీని గట్టిగ లేపింది తమిళనాడు దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను. నా కులం నాకుండాలె, నా జెండరు నాకుండాలె, ప్రతి కోటాలోపల మా వాటా మాకుండాలె అన్నది ఆమె వాదన. అడ్డం రిజర్వేషన్ అంటే అదే. ఎస్సీ కోటాలో ఎస్సీ ట్రాన్స్‌కు, ఎస్టీ కోటాలో ఎస్టీ ట్రాన్స్‌కు, బీసీ కోటాలో బీసీ ట్రాన్స్‌కు వాటా. మన పొలిమేర దాటితే బీదర్ జిల్లా, కర్ణాటక. ఆ సర్కారు 2021ల ఉద్యోగాలల్ల ఒక శాతం ఈ తీరుగనే ఇచ్చింది. పొలిమేర అవతల అయింది ఇవతల ఎందుకు కాదు? 2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంల ఎస్సీ వర్గీకరణ అమలుకు వచ్చింది. ముప్ఫై ఏండ్ల కొట్లాట ఫలితం. అతి చిన్న కులానికి గూడ తన వాటా కావాలని వాదించిన మనం, ఈ వాటాకు అడ్డం పడితే మన వాదనకే మనం అడ్డం పడ్డట్టు.

2019ల పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇంట్లకెళ్ళి గాని ఊర్లకెళ్ళి గాని వెళ్ళగొడితే, నలుగురు నడిచే తోవను ఆపితే, కొడితే, మానం తీస్తే శిక్ష రాసిండ్రు. ఎంత? ఆరు నెలల నుంచి రెండేండ్లు. ఆడమనిషి మీద అత్యాచారం చేస్తే కనీసం పదేండ్లు. అంటే ఈ మనిషి శరీరానికి సర్కారు కట్టిన విలువ అంత తక్కువ.

కోర్టులు, చట్టాలు ఒక తీరుగ ఉండవు. 2013ల 377 సెక్షన్ ఉండాలన్న సుప్రీంకోర్టే 2018 సెప్టెంబరు 6న ఇష్టపడి కూడిన పెద్దోళ్ళకు అది చెల్లదన్నది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునుడు సర్కార్లకు అలవాటే. అందుకే ఢిల్లీ పుస్తకంల ఏమి రాసి ఉన్నదనే దానికంటే ముందు, మన సంఘం పుస్తకంల ఏమి రాస్తమనేది చూసుకోవాలె. అది మన చేతుల ఉన్నది.

ఇయ్యాల్టి నుంచి చేయవలసింది

పెద్ద పెద్ద తీర్మానాలు పెడుతలేం. చేయగలిగినవే చెప్తున్నం.

మొదటిది. సభ్యత్వం పుస్తకంల మనిషి ఏ పేరు చెప్తే ఆ పేరు రాయాలె. ఆడ, మొగ అనే గడి నింపుడు వాళ్ళ ఇష్టం. ఖాళీగ ఉంచుమంటే ఖాళీగ ఉంచాలె. ఆపరేషన్ అయిందా అని అడిగిన కార్యకర్తను పుస్తకం పక్కన పెట్టి ఇంటికి పంపాలె.

రెండవది. 'అది', 'వాడు', 'కొజ్జ' అనే మాటలు సంఘంల బంద్. అక్కా అంటే అక్కా, అన్నా అంటే అన్నా. ఎట్ల పిలవాలెనో తెలవకపోతే అడుగుండ్రి. అడిగితే తప్పు లేదు. పరోక్షంల నవ్వుకుంటేనే తప్పు.

మూడవది. కులం సర్టిఫికెట్, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, పింఛను కాగితం కావాలని ఎవరన్న వస్తే సంఘం మనిషి ఎంబడి పోవాలె. 2023 తీర్పుల హైకోర్టు ఆసరా పింఛను వీళ్ళకూ ఇయ్యమన్నది. మండల ఆఫీసుల ఆ మాట చెప్పి దరఖాస్తు పెట్టించాలె. పాత పేరు ఒక కాగితంల, కొత్త పేరు ఒక కాగితంల ఉన్నదని తిప్పి పంపితే ఊకోవద్దు.

నాలుగవది. పనికాడ. చెరుకుకు పోయేటోళ్ళల్ల మన సంఘం ముకద్దంలు ఇద్దరు ముగ్గురు ఉన్నరు. కోయతా అంటే ఇద్దరు మనుషులని పట్టుండ్రి. మొగుడు పెండ్లామే కావాలని చెరుకు అడగదు.

అయిదవది. బొందలగడ్డ. తల్లికో తండ్రికో మన్ను పోసే హక్కు కన్నబిడ్డకు ఉంటది. బట్ట చూసి ఆపుడు ఇగ మీదట మన వాడల నడవదు. ఆపితే సంఘం అక్కడ నిలబడాలె. ఆ రోజు మేము నిలబడలేదు. ఆ తప్పు ఇంకొకరు చేయొద్దనే ఇంతసేపు చెప్పినం.

ఆమె ఇంటికి మళ్ళొకసారి పోయినం. పాత కాగితం చింపి కొత్త కాగితం ముంగట పెట్టినం, పెన్ను ఆమె చేతికే ఇచ్చినం. తన పేరు తానే రాసింది. కులం గడిల మాదిగ అని రాసింది. ఆడ, మొగ గడిల ఏమి రాసిందో అది ఆమె సంగతి, ఇక్కడ చెప్పం.

ఈ ముచ్చట మేము చెప్పినా, మేము వాళ్ళ గొంతు కాలేం. మన తరఫున ఇంకొకరు మాట్లాడితే ఎట్లుంటదో మనకు తెలుసు. ఇయ్యాల ఈ సభకు నలుగురు వచ్చిండ్రు, వెనుక వరుసల కూసున్నరు. ముందటికి రమ్మంటున్నం. ఏ పేరుతో పిలవాలెనో వాళ్ళే చెప్తరు. జాగ ఇయ్యుండ్రి, ఈలలు వెయ్యొద్దు. మైకు వాళ్ళకు ఇస్తున్నం.

జై భీమ్.